కుట్లు పడ్డాక మూడు గంటలు

ఫిబ్రవరి 3, 2025, సోమవారం. లీడ్స్

మా జంతువుల ఆసుపత్రి థియేటర్లో పొద్దున మొదటి పని మత్తు మెషిన్ చెక్ చేయడం. కొత్తగా వచ్చిన స్టూడెంట్ నర్సును పక్కన నిలబెట్టుకుని చేశాను. సిలిండర్ గేజ్ చూడటం, వేపరైజర్‌లో ఐసోఫ్లురేన్ ఎంత ఉందో చూడటం, సోడా లైమ్ రంగు మారిందేమో చూడటం ఆ అమ్మాయికి బాగానే వచ్చు. లీక్ టెస్ట్ దగ్గరే చేతులు తొందరపడతాయి. గొట్టం చివర బొటనవేలితో మూసి, గ్యాస్ బయటికి వదిలే వాల్వు బిగించి, ముల్లు 30కి చేరేదాకా బ్యాగు నింపి కాసేపు కదలకుండా నిలబడాలి. ముల్లు దిగకపోతే లీకు లేనట్టే. అసలు సంగతి ఆ తర్వాతే ఉంది. వేలు అలాగే ఉంచి వాల్వు తెరవాలి. బ్యాగులో గాలి ఆ వాల్వు గుండానే పోవడం కళ్ళతో చూడాలి.

వేలు తీసేసినా బ్యాగు ఖాళీ అవుతుంది. కానీ వాల్వు బిగుసుకునే ఉండిపోతుంది. ఆ మెషిన్‌కి పిల్లిని తగిలిస్తే లోపలికి వెళ్ళే గ్యాస్‌కి బయటికి దారి ఉండదు. ఛాతీలో ఒత్తిడి పెరుగుతుంది, గుండెకు తిరిగి రావలసిన రక్తం ఆగుతుంది, ఊపిరితిత్తులు చిట్లుతాయి. ఆరోగ్యంగా నడిచి వచ్చిన ప్రాణి నిమిషాల్లో పోతుంది. మత్తు మరణాల్లో ఇంత సులువుగా తప్పించగలిగింది ఇంకొకటి లేదేమో.

"అలారం మోగుతుంది కదా?" అనడిగింది. అలారం మోగేలోపే బ్యాగు బిగిసి కనిపిస్తుంది. గదిలోకి ఎప్పుడు వచ్చినా నీ చూపు ముందు బ్యాగు మీద పడాలి, తర్వాత ఛాతీ మీద, స్క్రీన్ మీద చివరికి అని చెప్పాను.

ఫిబ్రవరి 6, గురువారం

పన్నెండేళ్ళ పిల్లి, నాలుగు కిలోలు. పళ్ళు తీయాలి. రక్తపరీక్షలో కిడ్నీలు కొంచెం బలహీనం. మత్తు ప్రమాదం ఏఎస్‌ఏ గ్రేడు 3 అని రాశాం.

పళ్ళ ఆపరేషన్‌ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, కడుపు కోయడం లేదు కదా అని. నాకు మాత్రం పిల్లి పళ్ళంటేనే ఎక్కువ జాగ్రత్త. నోట్లో నీళ్ళు పడుతుంటాయి, ఒళ్ళు చల్లబడుతుంది. తల అటూ ఇటూ తిప్పుతారు. శ్వాసనాళంలో వేసిన గొట్టం అప్పుడు మెలిపడితే నాళం లోపలి గోడ చిరగవచ్చు. గొట్టం చివరి బెలూన్‌లో గాలి ఎక్కువైతే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. అందుకే ఒక పక్కనుంచి ఇంకో పక్కకి తిప్పేముందు మెషిన్ గొట్టాన్ని విడదీస్తాను, తిప్పాక మళ్ళీ తగిలిస్తాను. సర్జన్ చేయి గాల్లో ఆగి ఉంటుంది, ఆ రెండు సెకన్లూ. ఉండనీ.

నోరు తెరిచి ఉంచే స్ప్రింగు గ్యాగ్‌ని మా దగ్గర పిల్లులకు వాడం. దవడ మరీ ఎక్కువ తెరుచుకుంటే మెదడుకూ కంటి లోపలికీ వెళ్ళే ధమని నొక్కుకుపోతుంది. పిల్లికి మెదడు రక్తంలో ఎక్కువ భాగం ఆ దారినే అందాలి. మత్తులోంచి పిల్లి గుడ్డిదై లేచిన సంఘటనలు పుస్తకాల్లోకి ఎక్కాయి. సూది మూతని రెండు సెంటీమీటర్లకు కోసి కోరపళ్ళ మధ్య పెడితే పని జరుగుతుంది, దవడా అతిగా సాగదు.

ఇవాళ రక్తపోటు గంట గడిచేసరికి పడిపోతూ వచ్చింది. డాప్లర్ చప్పుడు పలచబడటం ముందు చెవికి తెలిసింది, అంకె తర్వాత వచ్చింది: పైది 78. సర్జన్‌కి చెప్పి వేపరైజర్ 2 నుంచి 1.25కి దించాను. ఐసోఫ్లురేన్ రక్తనాళాలను వదులు చేస్తుంది, కాబట్టి పోటు పడ్డప్పుడు మొదట తగ్గించవలసింది అదే. దించగలిగామంటే కారణం, దవడ నరానికి లోకల్ మత్తు ముందే ఇచ్చి ఉండటం, మత్తుకి ముందిచ్చే ప్రీమెడ్‌లో మెథడోన్ ఉండటం. నొప్పి తెలియని పిల్లికి గ్యాస్ కొద్దిగా చాలు. గ్యాస్‌తోనే నొప్పిని అణచాలని చూస్తే కిడ్నీలకు రక్తం అందదు. నాలుగైదు నిమిషాల్లో 96కి వచ్చింది.

చిన్న పిల్లులకు గ్యాస్ అందించడానికి మేం వాడే టీ-పీస్ గొట్టం 1937లో న్యూకాసిల్‌లో ఫిలిప్ ఐర్ తయారుచేసింది. పెదవి చీలి, అంగిలి చీలి పుట్టిన పసిపిల్లల ఆపరేషన్ల కోసం. ఆయనా అలాగే పుట్టినవాడే. లోపల వాల్వులేమీ లేవు కాబట్టి చిన్న ఊపిరికి అడ్డు ఉండదు. అందుకు బదులుగా గ్యాస్ ఎక్కువ పోయాలి. నాలుగు కిలోల పిల్లికి నిమిషానికి రెండు లీటర్ల దాకా.

ఫిబ్రవరి 11, మంగళవారం రాత్రి

మత్తు సర్టిఫికెట్ పరీక్షకి చదువుతున్నాను. బ్రాడ్‌బెల్ట్ బృందం పేపరు మళ్ళీ తీశాను. 2002 నుంచి 2004 దాకా బ్రిటన్‌లో నూటికి పైగా ఆసుపత్రుల్లో మత్తు ఇచ్చిన జంతువుల లెక్క, 2008లో అచ్చయింది. 98 వేల కుక్కలు, 79 వేల పిల్లులు, 8 వేల కుందేళ్ళు. మత్తుతో ముడిపడిన మరణాలు కుక్కల్లో 0.17 శాతం, పిల్లుల్లో 0.24, కుందేళ్ళలో 1.39.

ఈ శాతాలు అందరికీ కంఠతా వచ్చు. నేను గుర్తుంచుకోవాలనుకునేది వేరే పట్టిక. ఆ మరణాలు ఎప్పుడు జరిగాయన్నది. కుక్కల్లో దాదాపు సగం, పిల్లుల్లో, కుందేళ్ళలో నూటికి అరవైకి పైగా, ఆపరేషన్ అయిపోయాక. వాటిలోనూ ఎక్కువ మొదటి మూడు గంటల్లోనే. అంటే సర్జన్ గ్లవ్స్ తీసేసి, మానిటర్ వైర్లు ఊడదీసి, నర్సు తర్వాతి కేసుకి ట్రే సర్దుతున్న వేళ.

ఎందుకలా అంటే కారణం కళ్ళెదుటే ఉంది. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ జంతువు పీల్చేది దాదాపు స్వచ్ఛమైన ఆక్సిజన్. ఊపిరి సగానికి తగ్గినా రక్తంలో ఆక్సిజన్ పుష్కలంగా ఉంటుంది, పల్స్ ఆక్సీమీటర్ 98 చూపిస్తూనే ఉంటుంది. ఊపిరి తగ్గిందని చెప్పేది కాప్నోగ్రాఫ్ ఒక్కటే, బొగ్గుపులుసు వాయువు 45 దాటి 60కి ఎక్కుతుంది. గొట్టం తీసి మామూలు గాలిలో పడుకోబెట్టామా, పీల్చే ఆక్సిజన్ 21 శాతానికి పడిపోతుంది. అదే బలహీనమైన ఊపిరి ఇప్పుడు చాలదు. ఇంతసేపూ ఆ బలహీనతని కప్పి ఉంచిన దుప్పటి లాగేసినట్టే. సరిగ్గా అప్పుడే కాప్నోగ్రాఫూ ఉండదు, నర్సూ ఉండదు.

మా దగ్గర రికవరీని చూసేది ఎవరు? ఎవరి చేయి ఖాళీగా ఉంటే వాళ్ళు. ఫోన్ ఎత్తుతూ, బోనులు కడుగుతూ. చాలా చోట్ల ఇదే తీరు. ఇది మారాలి. ప్రాక్టీస్ మీటింగులో పెడతాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

తమ్ముడు ఫోన్ చేశాడు, పిన్ని కొడుకు. పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా అయ్యాక తూర్పుగోదావరిలో ఊరకుక్కల ఆపరేషన్ సెంటర్‌లో పని. గ్యాస్ మెషిన్ లేదు. జైలజీన్, కెటమిన్. మానిటరంటే ఒక స్టెతస్కోపు.

"అక్కా, నువ్వు చెప్పేవన్నీ మా దగ్గర కుదరవు" అన్నాడు. చాలావరకు కుదురుతాయిరా అన్నాను. గంటసేపు మాట్లాడుకున్నాం. రాసిపెట్టుకుంటున్నాను, మళ్ళీ వాడికి పంపాలి.

కెటమిన్‌లో కన్ను నమ్మొద్దు. గ్యాస్ మత్తులో అయితే లోతు సరిపోయినప్పుడు కనుగుడ్డు కిందికి, లోపలికి తిరుగుతుంది, రెప్ప తాకినా కదలదు. బాగా లోతుకి పోతే మళ్ళీ నడిమికి వచ్చేస్తుంది. కెటమిన్‌లో కన్ను తెరుచుకుని నడిమధ్యే ఉంటుంది, రెప్ప కొడుతుంది, మింగుతుంది కూడా. అది తేలిక మత్తనుకుని ఇంకో డోసు వేస్తే ప్రమాదం. తెరిచి ఉన్న కన్ను ఆరిపోకుండా ఆయింట్‌మెంట్ పెట్టాలి. జైలజీన్ గుండె వేగాన్ని బాగా తగ్గిస్తుంది, కాబట్టి తొడ లోపలి నాడి మీద వేళ్ళు తీయొద్దు. కొట్టుకోవడం ఎన్నిసార్లు అన్నదొక్కటే చాలదు, ఎంత గట్టిగా కొడుతోందన్నదీ చూడు. చిగురు నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. మెడ చాపి, నాలుక బయటికి లాగి, పక్కకి పడుకోబెట్టాలి.

"అయ్యాక ఎక్కడ పడుకోబెడతారు?" అనడిగాను. "వరండాలో, వరసగా" అన్నాడు. మే నెలలో ఆ రేకుల కింద? మత్తులో ఉన్న కుక్క ఎగశ్వాసతో వేడి దించుకోలేదు. ఇక్కడ మేం చలితో పోట్లాడుతుంటే అక్కడ వాళ్ళు ఎండతో పోట్లాడాలి. థర్మామీటర్ మాత్రం రెండు చోట్లా ఒకటే, దానికి పెద్ద ఖర్చూ లేదు. తల ఎత్తి, బోర్లా కూర్చునేదాకా ఎవరో ఒకరు వరసలో తిరుగుతూ ఉండాలి. "ఒక కుర్రాణ్ణి పెడతానక్కా, చీటీ మీద టైము వేసి రాయిస్తా" అన్నాడు. తమ్ముడు మాటిస్తే చేస్తాడు.

ఫిబ్రవరి 19, బుధవారం

కుందేలు. ఆడది, కిలోన్నర, గర్భసంచి తీయాలి. 1.39 అనే అంకె మనసులో తిరుగుతూనే ఉంది.

యజమాని నిన్న రాత్రి నుంచి పస్తు పెట్టిందట, కుక్కకి పెట్టినట్టు. కుందేలు వాంతి చేసుకోలేదు, దానికి పస్తు అక్కర్లేదు. పైగా దాని పేగు ఆగిందంటే మళ్ళీ కదిలించడం కష్టం. రాగానే గడ్డి, కొత్తిమీర పెట్టి గంట ఆగి, నోట్లో మేత ముక్కలు లేకుండా చూసి మొదలుపెట్టాం. కుక్కలు కనిపించని, వినిపించని గదిలో ఉంచాం. బెదిరిన కుందేలు గుండెకి మత్తు ఇవ్వడమంటే ప్రమాదాన్ని రెట్టింపు చేసుకోవడమే.

దాని గొంతు ఇరుకు, నాలుక మందం. సర్జన్ స్వరపేటిక మీద కూర్చునే వి-జెల్ పెట్టింది. అది కదిలితే దారి మూసుకుంటుంది, అందుకే కాప్నోగ్రాఫ్ గీత మీద నుంచి చూపు తిప్పలేదు. గీత పైభాగం చదునుగా ఉంటే దారి బాగున్నట్టు. షార్కు రెక్కలా ఏటవాలుగా సాగితే ఎక్కడో ఇరుకయింది. కింది గీత సున్నాకి దిగకపోతే వదిలిన గాలినే మళ్ళీ పీలుస్తోంది. ఒక్కసారిగా నేలకి పడిపోతే గొట్టమైనా ఊడాలి, గుండైనా ఆగాలి. ఇవాళ ఒకసారి ఏటవాలయింది. మెడ కొంచెం ముందుకు చాపగానే చదునయింది.

ఆపరేషన్ పన్నెండున్నరకి అయింది. నేను భోజనానికి వెళ్ళకుండా దానితోనే ఉన్నాను. ఒంటిగంటకి వేడి 36.4. వెచ్చటి గాలి దుప్పటి, పాదాలకి మేజోళ్ళు. కుందేలు నొప్పిని దాచుకుంటుంది. అరవదు, ముడుచుకుని కూర్చుంటుంది. కళ్ళు సగం మూయడం, చెంపలు లోపలికి పోవడం, చెవులు వెనక్కి ముడవడం చూసి నొప్పి అంచనా వేయాలి. రెండింటికి కళ్ళు చికిలించింది. సర్జన్‌ని పిలిచాను, బుప్రెనార్ఫిన్ ఇచ్చారు. రెండున్నరకి సిరంజితో మెత్తటి మేత పట్టాను. మూడున్నరకి తనంతట తాను కొత్తిమీర ఆకు లాక్కుంది. సాయంత్రం పెంటికలు వేసింది. గడ్డి తిని, పెంటికలు వేసేదాకా కుందేలు ఆపరేషన్ పూర్తయినట్టు రాయను.

ఫిబ్రవరి 27, గురువారం

ఫ్రెంచ్ బుల్‌డాగ్. ముక్కు రంధ్రాలు సన్నం, అంగిలి పొడవు, నాళం చిన్నది. మెలకువగా ఉన్నప్పుడే గురక.

ముందు ఐదు నిమిషాలు మాస్కుతో ఆక్సిజన్. సర్జన్ ప్రొపోఫాల్ ఇచ్చింది. చూస్తూ కొద్దికొద్దిగా ఎక్కించే మత్తు ఇంజెక్షన్ ఈ దేశంలో సర్జనే ఇవ్వాలి. 1966 నాటి పశువైద్యుల చట్టం కింద నర్సుకి ఉన్న అధికారం వేరు. సర్జన్ చెప్పిన నిర్ణీత డోసు ఇవ్వవచ్చు, ఆమె చెప్పినట్టు వేపరైజర్ తిప్పవచ్చు, కనిపెట్టి చూడవచ్చు. బాధ్యత ఆమెదే. కానీ ఆమె చూపు కోత మీద ఉంటుంది. జంతువు మీద ఉండే చూపు నాది. ఈ పనికి చదువు ఎంత ఉన్నా ఎక్కువ కాదని నేననేది అందుకే.

ఆపరేషన్ గురించి రాయడానికేమీ లేదు, సాఫీగా జరిగింది. లేపడమే పని. గొంతులో తుడిచి, బోర్లా పడుకోబెట్టి, గడ్డం కింద తువ్వాలు చుట్ట పెట్టి, నాలుక ముందుకి లాగి ఉంచాను. పక్కన లారింగోస్కోప్, ఒక సైజు చిన్న గొట్టం, సిరంజిలో ప్రొపోఫాల్, మళ్ళీ గొట్టం వేయవలసి వస్తే. మామూలు కుక్కకి మింగడం మొదలుపెట్టగానే గొట్టం తీస్తాం. దీనికి తీయకూడదు. మింగింది. చెవి కదిలింది. తల ఎత్తి గదంతా చూసింది. గొట్టం నోట్లోనే, ఇబ్బందేమీ లేనట్టు. ఈ కుక్కల్లో చాలావాటికి బతుకులో హాయిగా ఊపిరాడేది ఆ కాసేపే. స్టూడెంట్ "ఇంకా తీయరా?" అంది. నమిలి, పంజాతో తోసేదాకా ఆగి తీశాను. తీశాక చేయి ముక్కు దగ్గర పెట్టి గాలి తగులుతోందో లేదో చూశాను. ఛాతీ కదిలినంత మాత్రాన గాలి వెళ్తున్నట్టు కాదు. దారి మూసుకున్నా ఛాతీ ఎగురుతూనే ఉంటుంది. స్టూడెంట్ చేతినీ అక్కడ పెట్టించాను.

ఇలాంటి ముఖాలున్న కుక్కలను ముద్దుకోసం పెంచి పుట్టించడం నాకు నచ్చదు. దాని సంగతి ఇంకో రోజు.

మార్చి 5, బుధవారం

మీటింగు. రికవరీకి ప్రత్యేకంగా ఒక నర్సు కావాలని అడిగాను. కూర్చుని చూడటానికి ఒక మనిషి జీతమా అన్నది మొదటి ప్రశ్న. బ్రాడ్‌బెల్ట్ పేపర్లోని మరణాల పట్టిక చూపించాను. మత్తులో ఉన్నప్పుడు ఐదు నిమిషాలకోసారి నాడి, ఊపిరి రాస్తున్నాం, అసలు ప్రాణాలు పోయే వేళకి చార్టు ఖాళీగా ఉంది అన్నాను. మన ఫైళ్ళలోనే పది చార్టులు తెచ్చి బల్ల మీద పరిచాను. గొట్టం తీసిన టైము తర్వాత ఒక్క గడి కూడా నింపలేదు ఎవరూ.

నేను అడిగినవి ఇవి. మత్తు చూసిన నర్సే, లేదా ఆమె నుంచి ఎదురుగా నిలబడి వివరాలు అందుకున్న నర్సే రికవరీ చూడాలి. తల ఎత్తి కూర్చుని, వేడి 37 దాటేదాకా ఐదు నిమిషాలకోసారి, ఆ తర్వాత మూడు గంటలు నిండేదాకా పావుగంటకోసారి రాయాలి. కాన్యులా ఇంటికి వెళ్ళేముందే తీయాలి, అంతకుముందు కాదు, ప్రాణం మీదికొస్తే మందు వేసే దారి అదొక్కటే. పిల్లులకు మాంట్రియల్ వాళ్ళ ముఖకవళికల స్కేలుతో నొప్పి మార్కులు వేయాలి, పదికి నాలుగు వస్తే సర్జన్‌ని పిలవాలి. గుండె ఆగితే ఎవరు ఏం చేయాలో నెలకోసారి సాధన, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కడం, రెండు నిమిషాలకోసారి మనిషి మారడం.

"అయితే రోజుకో ఆపరేషన్ తగ్గించాలి" అన్నారు. తగ్గించండి అన్నాను. ఆలోచిస్తామన్నారు.

మార్చి 8, శనివారం

తమ్ముడు చీటీ ఫొటో పంపాడు. కుక్క నంబరు, మందు వేసిన టైము, చిగురు రంగు, వేడి, కూర్చున్న టైము. బాల్‌పెన్నుతో గీసిన గళ్ళు, అన్నీ నిండి ఉన్నాయి.

మార్చి 14, శుక్రవారం

ఒప్పుకున్నారు. మూడు నెలలు చూసి తర్వాత నిర్ణయిస్తారట. ఈ నెల 17, సోమవారం నుంచి రోజూ ఒక ఆపరేషన్ తక్కువ పెడతారు, రికవరీ గదిలో షిఫ్టు పొడుగునా ఒక నర్సు ఉంటుంది. కాప్నోగ్రాఫ్ ఇంకొకటి ఆర్డర్ చేశారు. మొదటి వారం డ్యూటీ నాది, రెండో వారం ఆ స్టూడెంట్ నాతో కూర్చుంటుంది.